సెకండ్ హ్యాండ్ యాగీ యాంటెన్నా కొంటున్నారా? ముందు మధ్య ప్లేటు విప్పించి చూడండి

నిన్న సాయంత్రం మా హామ్ రేడియో క్లబ్బు టవర్ మీద ఒక మనిషి ప్రాణం పోవాల్సింది, తప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ కోపంలోనే రాస్తున్నాను, వరస తప్పితే సర్దుకోండి.

పాత యాంటెన్నాలు బాగుచేసి అమ్మే ఆ పెద్దాయన మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. ఏళ్ల తరబడి బ్యాండ్ మీద వింటున్న గొంతు, అందుకే నమ్మాం. మూడు ఎలిమెంట్ల (సిగ్నల్ పట్టే అడ్డ కడ్డీలు) ట్రైబ్యాండర్ యాగీ, అంటే 10, 15, 20 మీటర్లు అనే మూడు రేడియో బ్యాండ్లకూ పనికొచ్చేది. అందరం చందాలు వేసుకుని డబ్బు మొత్తం ముందే ఇచ్చేశాం. ఇవ్వమన్నది నేనే.

తెచ్చి ఇచ్చేటప్పటికే బూమ్ (ఎలిమెంట్లన్నిటినీ మోసే పొడవాటి పైపు) నడిమధ్యన, రెండు ముక్కలు కలిసే చోట, మాస్టుకు, అంటే టవర్ కొసన నిలువుగా ఉండే గొట్టానికి, పట్టించే ప్లేటు బిగించి ఉంది. "దాన్ని మాత్రం కదపకండి. ఎలిమెంట్లన్నీ ఒకే లెవెల్‌లో వచ్చేట్టు సెట్ చేశాను, విప్పితే మళ్లీ కుదరదు" అన్నారు. ఎంత శ్రద్ధగా చేశారో అని నేను చేతులు పట్టుకుని మరీ థాంక్స్ చెప్పాను.

మా క్లబ్బులో టవర్ ఎక్కేది ఒక్క కుర్రాడే. నాకు తమ్ముడి లాంటివాడు. కింద బిగిస్తున్నప్పుడే వాడు స్పానర్ పట్టుకుని, "అన్నా, ఒకసారి ఈ ప్లేటు విప్పి చూద్దామా?" అన్నాడు. నేనే ఆపాను. పెద్దాయన సెట్ చేసిచ్చారు, కదపకు అన్నాను. ఈ మాట నిన్నటి నుంచి చెవుల్లో మోగుతూనే ఉంది.

స్టాండ్ల మీద పెట్టి ఎనలైజర్ మీటరుతో చూస్తే మూడు బ్యాండ్లలోనూ ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నాకు పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో తెలిపే లెక్క) బాగానే వచ్చింది. దాంతో ధైర్యం వచ్చేసింది. నిజానికి సిగ్నల్ సంగతంతా ఎలిమెంట్లది, బూమ్ పని మోయడం. అది లోపల పగిలి ఉన్నా మీటరుకు తెలియదు. ఇంత కాలంగా రేడియో పట్టుకుని ఆ చిన్న విషయం నాకు తట్టకపోవడం ఏమిటో!

టవర్ ఎత్తు 18 మీటర్లు. కప్పీ మీదుగా మోకు వేసి నలుగురం లాగాం, ఎలిమెంట్లు గై వైర్లకు (టవర్‌ను పక్కల నుంచి లాగి పట్టే తీగలు) తగలకుండా ఇద్దరు పక్క తాళ్లు పట్టుకున్నారు. పైన తమ్ముడు బెల్టు తగిలించుకుని మాస్టుకు యూ-బోల్టులు బిగించాడు. ఎలిమెంట్లు ఒక వైపుకు వాలినట్టు కనిపిస్తే సరిచేద్దామని బూమ్ వైపు నట్టు కాస్త వదిలాడు.

చిటుక్కుమంది. కింద ఉన్న మాకు కూడా వినిపించింది. బూమ్ ఒక వైపు జానెడు కిందికి జారింది. "అన్నా, తాడు వదలొద్దు!" అని వాడు అరిచాడు. అప్పటికింకా మోకు ముడి విప్పలేదు, అదొక్కటే మమ్మల్ని కాపాడింది. విప్పి ఉంటే ఎనిమిది మీటర్ల పొడవున్న ఎలిమెంట్లతో సహా ఆ సగం వాడి భుజం మీదకే వచ్చేది.

అప్పుడే నా కాళ్ల దగ్గర ఒక చిన్న ముక్క పడింది. ఒక వైపు మెరిసే సిల్వర్ పెయింట్, రెండో వైపు బూడిద రంగు. ఎపాక్సీ పుట్టీ. అంచు గోటితో గీరితే పొడి రాలింది. లోపలి వైపు బొటనవేలి ముద్ర ఉంది, గీతలతో సహా. మెత్తగా ఉన్నప్పుడు పగుల్లోకి నొక్కిన వేలు. ఆ ముక్క ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది.

పొడవాటి పైపు ఒకటి పైకి పంపితే తమ్ముడు దాన్ని బూమ్ పక్కన ఆనించి, విరిగిన చేతికి కట్టు కట్టినట్టు తాడు చుట్టాడు. కిందికి దించేసరికి చీకటి పడింది. అన్నం తినలేక ఊరికే కూర్చుండిపోయాడు.

అక్కడి నుంచే ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి. ఆయన ఏమన్నారో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఆ అతుకు నేనే వేశాను. ఇన్నాళ్లూ బాగానే ఉంది. మీరే కదిపినట్టున్నారు."

"పగులుందని మాకు చెప్పలేదేమండీ?"

"చెబితే కొనేవాళ్లా?"

అంతే, ఫోన్ పెట్టేశారు. పైనున్న పిల్లాడు ఎలా ఉన్నాడని ఒక్క మాట అడగలేదు. మళ్లీ చేస్తే ఎత్తలేదు, తర్వాత నంబర్ బ్లాక్ చేశారు.

డబ్బు పోతే పోయింది, మళ్లీ కూడబెట్టుకుంటాం. కానీ ఆయనకు తెలుసు. ఆ ప్లేటు కింద ఏముందో తెలుసు, దాని కింద మనిషి నిలబడి పని చేస్తాడనీ తెలుసు. గాలి వేగం రెండింతలైతే యాంటెన్నా మీద దాని తాకిడి నాలుగింతలవుతుందని కొత్తవాళ్లకు చెప్పే మనిషి ఆయన. ఆ తాకిడంతా వచ్చి పడే చోట పుట్టీ పూసి, పెయింట్ కొట్టి, విప్పొద్దని చెప్పి పంపారు.

ఆయనిచ్చిన కోయాక్స్, అంటే యాంటెన్నాను రేడియోకు కలిపే కేబుల్, కూడా చూశాం. ఆర్‌జీ-213 అన్నారు, ఆ రకంలో మధ్య తీగంతా రాగే ఉండాలి. మధ్య తీగను బ్లేడుతో గీకితే పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. దాని గురించి ఇప్పుడు మాట్లాడే ఓపిక లేదు.

కొనేవాళ్లు ప్రతి జాయింటూ నేల మీదే, అమ్మినవాళ్ల ఎదురుగానే విప్పించండి. కొత్త పెయింట్ ఉన్న చోట గీకి చూడండి. విప్పొద్దంటే కొనొద్దు. డబ్బు సగమైనా ఆపుకోండి. టవర్ ఎక్కే మనిషి అనుమానం ఉందంటే వాడి మాటే వినండి, నాలా అడ్డుపడకండి.

ఆయన ఇంకో మూడు ఎలిమెంట్ల యాగీ అమ్మకానికి పెట్టారని పొద్దున తెలిసింది. ఫోటో చూశాను. దానికీ మధ్య ప్లేటు బిగించే ఉంది, బూమ్ మీద సిల్వర్ పెయింట్ తళతళలాడుతోంది. దానికి ఎవరైనా అడ్వాన్స్ ఇచ్చి ఉంటే దయచేసి ఈరోజే నాకు ఫోన్ చేయండి.