ఆఫీసు ఫోన్లకు అప్‌డేట్: వెంటనేనా, రాత్రి పూటా, వాయిదానా?

గాజువాక ఆటోనగర్‌లో మా గోడౌన్. డెలివరీ కుర్రాళ్ల చేతిలో ఉండే 46 ఆండ్రాయిడ్ ఫోన్లను నేనే చూసుకుంటాను. అన్నీ కంపెనీవే కాబట్టి సిస్టమ్ అప్‌డేట్ ఎప్పుడు ఎక్కాలో కన్సోల్ (ఫోన్లన్నిటినీ ఒకేచోట నుంచి నడిపించే పేజీ) నుంచే చెప్పొచ్చు. దారులు మూడు.

మొదట్లో ‘ఆటోమేటిక్’ పెట్టాను. అప్‌డేట్ వచ్చీ రాగానే ఎక్కిపోతుంది, సెక్యూరిటీకి ఇంతకన్నా మంచిది లేదు. కానీ ఓ సోమవారం పొద్దున్న లోడింగ్ మధ్యలో ఒకతని ఫోన్ రీస్టార్ట్ అయింది. సగం పార్శిళ్లు స్కాన్ అయ్యాయి, సగం కాలేదు. "అన్నా, బండి ఎలా తీయను?" అని నల్లటి స్క్రీన్ నా ముందు పెట్టాడు. నా దగ్గర జవాబు లేదు. పని వేళల్లో వాడే ఫోన్‌కి ఆటోమేటిక్ వద్దని ఆ రోజే తేల్చుకున్నాను.

ఆ టెన్షన్‌తో ‘వాయిదా’కి మారాను. దీనికి హద్దు 30 రోజులు. తర్వాత ఇన్‌స్టాల్ చేయమని ఫోన్ వాడేవాళ్లనే అడుగుతుంది. మధురవాడ ట్రాఫిక్‌లో ఉన్న కుర్రాడు ఏది నొక్కుతాడో ఎవరు చెప్పగలరు? ఈ మూడు దారులకూ తోడుగా ‘ఫ్రీజ్’ అని ఇంకోటుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి 90 రోజుల దాకా అప్‌డేట్లన్నీ ఆపొచ్చు, మళ్లీ ఫ్రీజ్ పెట్టాలంటే మధ్యలో కనీసం 60 రోజులు ఉండాలి. ఆ కాలంలో సెక్యూరిటీ ప్యాచ్‌లు (లోపాలను సరిచేసే అప్‌డేట్లు) కూడా ఆగిపోతాయి. కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు ఉన్న ఫోన్‌ను అలా వదిలేయడం నాకు భయం. దసరా, దీపావళి రద్దీలో మూడు వారాలు పెడతాను, అంతే.

నా ఓటు మూడోదానికి: రోజూ ఒక టైము ఇచ్చి, ఆ గంటల్లోనే ఎక్కించడం. మాకు రాత్రి 2 నుంచి 5. అయితే ఆ వేళకి ఫోన్ ఆన్‌లో ఉండాలి, ఛార్జింగ్ ఉండాలి, నెట్ ఉండాలి. మొదటి వారం పదకొండు ఫోన్లు కదల్లేదు. వెళ్లి చూస్తే, ఛార్జింగ్ బోర్డు స్విచ్‌ను వాచ్‌మన్ రాత్రి ఆపేస్తున్నాడు! పాపం, ఆయన మంచికే చేశాడు. బోర్డు మీద ‘ఆపవద్దు’ అని తెలుగులో పెద్దగా రాసి అంటించాక దారిలో పడ్డాయి. ఈ పద్ధతికీ 30 రోజులే గడువు, ఆలోగా ఎక్కకపోతే మనం పెట్టిన టైము పట్టించుకోకుండా మామూలు ఫోన్‌లాగే ప్రవర్తిస్తుంది. అందుకే వారానికోసారి లిస్టు చూసి వెనకబడ్డవాటిని పట్టుకోవాలి.

ఐఫోన్ల లెక్క వేరు. సూపర్‌వైజ్ చేసినవాటిలో (పూర్తిగా కంపెనీ అదుపులో ఉండేలా సెటప్ చేసినవాటిలో) అప్‌డేట్‌ను 90 రోజుల వరకు కనబడకుండా ఉంచొచ్చు. ఐఓఎస్ 17 నుంచి ఫలానా వెర్షన్ ఫలానా తేదీకల్లా ఎక్కాలని గడువు కూడా పెట్టొచ్చు.

ఫోన్ ఇంటికి తీసుకెళ్లే పెందుర్తి రూట్ వాళ్లకు మాత్రం వేరే గ్రూపు చేసి, మధ్యాహ్నం భోజనాల వేళ ఇచ్చాను. ఆ గంటన్నర వాళ్లు గోడౌన్‌లోనే ఉంటారు, ఫోన్లు నా కళ్ల ముందే ఛార్జింగ్‌లో ఉంటాయి.