పాత పెట్టె, నాలుగు వానాకాలాలు

ముందే చెప్పేస్తున్నాను, జపాన్ కంపెనీ స్టాక్స్ చేసిన ఎస్‌ఆర్‌డి-7 ప్రో మీద, అంటే మామూలు యాంప్లిఫయర్‌కీ (యాంప్) ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టే ఒక పాత పెట్టె మీద ఇష్టంతో రాస్తున్న సమీక్ష ఇది. ఆ ఇష్టం మధ్యలో ఓసారి చెడింది. తప్పు పెట్టెది కాదని తేలడానికి నాలుగు నెలలూ, 1,800 రూపాయలూ, ఒక హైదరాబాద్ ప్రయాణమూ పట్టాయి. ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ అంటే, వందల వోల్టుల ఛార్జి (దాన్నే బయాస్ అంటారు) ఎక్కించిన సన్నటి పొర రెండు ప్లేట్ల మధ్య ఊగి పాడేది, అందుకే దాన్ని మామూలు యాంప్‌కి నేరుగా తగిలించలేం.

నా హెడ్‌ఫోన్ కూడా స్టాక్స్‌దే, ఎస్‌ఆర్-ఎల్300. దానికి మొదట కొన్నది ఎస్‌ఆర్‌ఎం-252ఎస్, టిఫిన్ బాక్సు కన్నా చిన్న యాంప్. 12 వోల్టుల డీసీ మీద నడుస్తుంది, తినేది 4 వాట్లు. దాంతో వచ్చిన జపాన్ అడాప్టర్ 100 వోల్టులది, మన గోడకి పనికిరాదు. పక్కన పడేసి, ప్లగ్‌లో ప్లస్ ఎటో మైనస్ ఎటో మీటర్‌తో రెండుసార్లు చూసుకుని, వైఫై రూటర్‌కి వాడే మినీ యూపీఎస్‌కి తగిలించాను. మాది విశాఖ. గాలివానకి లైన్లు తెగి వీధంతా చీకటైన రాత్రి, ఫ్యాన్ లేక చెమటలు కారుతుంటే, చెవుల్లో మాత్రం ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ ఆగకుండా సాగింది. ఆ ఊపులో ఇద్దరు మిత్రులకి ఫోన్ చేసి, "ఇంతకు మించిన యాంప్ ఎవరికీ అక్కర్లేదు" అని చెప్పేశాను. ఒకడు నమ్మి కొన్నాడు కూడా. వాడు ఇది చదవకపోతే బాగుండును.

ఎందుకంటే వయొలిన్, వీణ, గొంతు వరకే ఆ మాట నిజం. కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం చివరికొచ్చేసరికి, మృదంగం తొప్పి (ఎడమవైపు, మందంగా మోగే ముఖం) మీద దెబ్బ పడినప్పుడు గుమ్మనాల్సింది టప్‌మనేది. ఆ యాంప్ గరిష్ఠంగా ఇచ్చేది 280 వోల్టులు. అది తక్కువేమీ కాదు, నేనే కాస్త గట్టిగా వినే రకం. పెద్ద యాంప్ కొందామంటే ధరలు చూసి గుండె జారింది. ఇక బ్లూ హవాయి లాంటి ఇఎల్34 ట్యూబుల యాంప్‌ల సంగతి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో మూడో బెడ్రూమ్ లేనిదే ఆ డబ్బు పెట్టి కొంటే ఇంకేమైనా ఉందా!

అప్పుడు అటక మీదున్న నాన్నగారి యాంప్ గుర్తొచ్చింది. 1986లో కొన్న దేశీ సరుకు, చానల్‌కి 45 వాట్లు. స్పీకర్లు ఎప్పుడో పోయాయి, యాంప్ మాత్రం దుమ్ము దులిపితే పాడింది. దానికీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టేదే ఈ పెట్టె. పేర్ల దగ్గర జాగ్రత్త. కాస్ అనే కంపెనీ వాళ్లు ఈఎస్‌పీ-950 హెడ్‌ఫోన్‌తో ఇచ్చే అసలు యాంప్‌నే ఎనర్జైజర్ అంటారు, స్టాక్స్ వాళ్లు యాంప్‌ని డ్రైవర్ యూనిట్ అంటారు, ఈ పెట్టెని అడాప్టర్ అంటారు. సెకండ్‌హ్యాండ్ ప్రకటనల్లో అన్నీ కలగాపులగం. నేను చెప్పేది ట్రాన్స్‌ఫార్మర్లున్న పెట్టె గురించి. వెనక యాంప్ నుంచి స్పీకర్ తీగలు దిగుతాయి, ముందు హెడ్‌ఫోన్ గుచ్చుతాం. వాల్యూమ్ నాబ్ ఉండదు. గోడ కరెంటు దానికి కావలసింది 580 వోల్టుల బయాస్ తయారు చేసుకోవడానికే. పాటని మోసేది వెనకున్న యాంప్. 45 వాట్లంటే 8 ఓమ్‌ల మీద దాదాపు 19 వోల్టులు. దాన్ని ఈ పెట్టె వందల్లోకి ఎత్తుతుంది.

2021లో జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో తెప్పించాను. అదీ 100 వోల్టులదే. బజారులో రెడీగా దొరికే, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్లు అమెరికా సామాన్ల కోసం చేసినవి, 110 ఇస్తాయి. లెక్క ప్రకారం 100కి 580 వచ్చే బయాస్ 110కి 638 అవుతుంది. హెడ్‌ఫోన్‌లోని పొరకి, దాని పక్కనున్న ప్లేటుకి మధ్య ఉన్నదే చాలా సన్నటి సందు, అంత తెగింపు నాకు లేదు. దాబా గార్డెన్స్ దగ్గర ఒక వైండింగ్ షాపుకి వెళ్లాను. మోటార్లు చుట్టే పెద్దాయన నా కాగితం చూసి, "ఏటి బాబూ, చెవిలో పెట్టుకునేదానికి ట్రాన్స్‌ఫార్మరా?" అన్నాడు. సరిగ్గా 100 వోల్టులకి చుట్టి ఇచ్చాడు. మా వీధి వోల్టేజీ 240 దాటే రాత్రుల్లో అదీ కాస్త పెరుగుతుందనుకోండి, ఆ మాత్రానికి ఏమీ కాలేదు.

మొదటి రాత్రి పెట్టింది తని ఆవర్తనమే. తొప్పి దెబ్బ ఈసారి గుమ్మంది. అరచెయ్యి తోలు మీద పడటం, లోపలి గాలి కదలడం, చెక్క మోగడం మూడూ విడివిడిగా వినిపించాయి. నాన్నగారి యాంప్ నాబ్ తొమ్మిది గంటల దగ్గరే ఉంది. ఇంకా తిప్పడానికి చోటుందన్న ధైర్యం ఉంది చూశారూ, అదే నాకు ఈ పెట్టె ఇచ్చిన అసలు సుఖం. చిన్న యాంప్‌ని హైదరాబాద్‌లో పెదనాన్న కొడుకుకి ఇచ్చేశాను. అలా ఇచ్చేయడమే తర్వాత నా కొంప ముంచింది.

రెండో ఏడాది జూలైలో ఒక రాత్రి, కచేరీలో నడిమధ్య కూర్చోవాల్సిన గాయని మెల్లగా కుడివైపు జరిగింది. ముందు రికార్డింగే అలా ఉందేమో అనుకున్నాను. మర్నాడు ఇంకొంచెం జరిగింది. వారం తిరిగేసరికి ఎడమ చెవిలో పాట పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. పెట్టె వయసు నలభై ఏళ్లకి దగ్గర, కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయని తీర్మానించుకుని రిపేర్ షాపులో ఇచ్చాను. పదిహేను రోజులు ఉంచుకుని, బయాస్ వైపు కెపాసిటర్లన్నీ మార్చి, 1,800 తీసుకుని, "ఇక పదేళ్లు చూసుకోనక్కర్లేదు సార్" అన్నాడు. ఇంటికొచ్చి పెడితే గాయని కుడివైపే ఉంది.

దసరా సెలవులకి హైదరాబాద్ వెళ్తూ హెడ్‌ఫోన్ పట్టుకెళ్లాను. అక్కడ చిన్న యాంప్‌కి గుచ్చితే రెండు చెవులూ సమానం! సందేహమే లేదు, పెట్టే దొంగ అన్నాను. తమ్ముడి ముందు దాన్ని నానా తిట్లూ తిట్టాను. "అన్నయ్యా, ఈ చిన్నది తీసుకుపో, పెట్టె అమ్మేయ్" అన్నాడు వాడు. సరేనని తెచ్చుకున్నాను. విశాఖ వచ్చాక మూడు రోజులు హాయిగా విన్నాను. నాలుగో రోజు, అదే చిన్న యాంప్ మీద, గాయని మళ్లీ కుడివైపు జరగడం మొదలుపెట్టింది.

అప్పుడు వెలిగింది బుర్ర. యాంప్‌లోకి వెళ్లే కుడి ఎడమ తీగలు అటూ ఇటూ మార్చాను. లోపం యాంప్‌కి ముందున్నదాంట్లో అయితే నీరసం రెండో చెవికి మారాలి. మారలేదు, ఎడమ చెవే నీరసంగా ఉంది. పెట్టె మీదా ఇదే చెవి, ఈ యాంప్ మీదా ఇదే చెవి, అంటే హెడ్‌ఫోనే. జూలైలో ఈ చిన్న యాంప్ చేతిలో ఉండి ఉంటే ఐదు నిమిషాల పని, 1,800 మిగిలేవి. సంగతేమిటంటే, హెడ్‌ఫోన్‌లోని పొర ఒకటి రెండు మైక్రాన్ల మందం. దాని మీద బయాస్ ఛార్జి నిలబడితేనే పాట. ఆ ఛార్జి అందేది మెగా ఓమ్‌ల రెసిస్టర్ గుండా, చుక్కచుక్కగా. పొర అంచుల్లో సన్నటి దుమ్ము చేరి, దానికి సముద్రపు తేమ పట్టిందంటే ఛార్జి అటునుంచి కారిపోతుంది. కారినంత మేరా చప్పుడు తగ్గుతుంది. హైదరాబాద్ పొడి గాలికి అది ఆరింది, ఇక్కడికి రాగానే మళ్లీ తడిసింది. కరెంటు పోయిన రాత్రుల్లో నేను కార్చిన చెమటలూ దానికి తోడయ్యే ఉంటాయి. బల్ల మీద బట్టైనా కప్పకుండా వదిలేసింది నేనే, ఎవర్నీ అనడానికి లేదు.

ఇదంతా అమ్మకి చెబితే, "దానికింత కథ ఎందుకురా, అప్పడాలు మెత్తబడినట్టే కదా" అంది. వంటింట్లోంచి పెద్ద అప్పడాల డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది. గాలి చొరని మూత, అడుగున సిలికా జెల్ పొట్లాలు, లోపల ఒక చిన్న తేమ మీటర్. గదిలో 84 ఉన్నప్పుడు డబ్బాలో 45 చూపించింది. ఐదో రోజుకి గాయని నడిమధ్యకి వచ్చి కూర్చుంది. కాకపోతే హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడల్లా వారం పాటు ఇంగువ వాసన.

పెట్టె మీద ఇష్టం తిరిగొచ్చింది గానీ, మొదటి రాత్రి ఉన్నంత లేదు. బెంగళూరులో ఒక మిత్రుడి ఇంట ఎస్‌ఆర్‌ఎం-353ఎక్స్ మీద ఇదే హెడ్‌ఫోన్ విన్నాను. అది 400 వోల్టులిచ్చే యాంప్. మృదంగంలో పెద్ద తేడా కనబడలేదు, వయొలిన్ పై స్థాయిలో మాత్రం నా పెట్టె దగ్గర కాస్త గరుకు ఉందని అక్కడే తెలిసింది. అది నలభై ఏళ్ల ట్రాన్స్‌ఫార్మర్ల వల్లో, నాన్నగారి యాంప్ వల్లో తేల్చుకోలేదు. తేల్చుకుంటే ఖర్చు. పైగా పెట్టె మీద కరెంటు పోతే పాట పోయినట్టే. ఇన్వర్టర్ మీద నడిపితే ట్రాన్స్‌ఫార్మర్లన్నీ కందిరీగల్లా రొద. అందుకే చిన్న యాంప్‌ని తమ్ముడికి తిరిగి పంపలేదు. వాడూ అడగలేదు.

కొనేవాళ్లకి రెండు మాటలు. ప్రకటనలో సాకెట్ ఫొటో చూడండి. ఆరు రంధ్రాలుంటే అది పాత 230 వోల్టుల బయాస్‌ది, ఐదుంటే 580ది. మన ఐదు పిన్నుల ప్లగ్ ఆరు రంధ్రాల దాంట్లోనూ దిగుతుంది, పాట మాత్రం జ్వరం తగిలినట్టుంటుంది. ఇంకోటి, చవకగా వస్తున్న క్లాస్-డి బుల్లి యాంప్‌లు చాలావరకు బ్రిడ్జ్ పద్ధతివి, వాటి మైనస్ తీగల్లోనూ కరెంటు ఆడుతుంటుంది. నా పెట్టెలో రెండు మైనస్‌ల మధ్య మీటర్ పెడితే బీప్ అంది, అంటే లోపల కలిసే ఉన్నాయి. అలాంటి యాంప్ దీనికి కలిపితే యాంప్ కాలిపోవచ్చు. కలపబోయి ఆగాను.

నాకు పాత యాంప్ ఊరికే దొరికింది, వినేది రాత్రి పదకొండు తర్వాత, అదీ మృదంగం పిచ్చితో. ఈ మూడూ లేనివాళ్లకి ఈ పెట్టె కొనమని చెప్పలేను. సముద్రం దగ్గరుండి, యాంప్ మార్చాలని చూస్తున్నవాళ్లు మాత్రం ముందు అదే ఊళ్లో ఇంకో యాంప్ మీద హెడ్‌ఫోన్ విని చూడండి.

సంక్రాంతికి అరిసెల కోసం అమ్మ డబ్బా వెనక్కి తీసుకుంటుంది. అప్పటికి గాలి కాస్త పొడిబారుతుంది కాబట్టి నేనూ అడ్డు చెప్పను. జూన్‌లో మళ్లీ నాకే. ఈసారి మూత తీస్తే బెల్లం వాసన వచ్చింది.