రాత్రి పదింటికి గ్వాటెమాలా సిటీలో దిగితే

మధ్య అమెరికా దేశం గ్వాటెమాలా వెళ్లొచ్చాం అనగానే అందరూ అగ్నిపర్వతాల గురించి అడుగుతున్నారు. మా అమ్మ మాత్రం డ్రైవర్ గురించి మొదలుపెడుతుంది. ఆ ట్రిప్‌లో నేను ఎక్కువ బుర్ర పెట్టిందీ, ఒకసారి మోసపోయిందీ ఆ విషయంలోనే.

మేం నలుగురం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, కాకినాడ నుంచి హ్యూస్టన్‌కి మా దగ్గరికి వచ్చిన అమ్మ. హ్యూస్టన్ నుంచి విమానంలో మూడు గంటలే. కాకపోతే చవగ్గా దొరికిన టికెట్ రాత్రి పదింటికి దింపేది. లా అరోరా విమానాశ్రయం గ్వాటెమాలా సిటీ లోపలే, జోన్ 13 అనే ప్రాంతంలో ఉంది. మేం వెళ్లాల్సింది సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఆంటిగ్వాకి. క్రికెటర్ వివ్ రిచర్డ్స్ పుట్టిన ఆంటిగ్వా దీవి కాదు. 1773 భూకంపంలో దెబ్బతిని, ఆ తర్వాత రాజధాని హోదా పోగొట్టుకున్న పాత ఊరు ఇది.

40 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. పగలైతే ఊరు దాటేసరికే ప్రాణం విసుగొస్తుంది, మొత్తం రెండు గంటలైనా పట్టొచ్చు. రాత్రి రోడ్డు ఖాళీగానే ఉంటుంది గానీ, చీకట్లో కొండ ఎక్కి దిగాలి. దారి మధ్యలో బండి ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తాం? రోడ్డు మీద చెయ్యెత్తి ఆపే టాక్సీలు, సిటీ బస్సులు ఎక్కొద్దని అమెరికా ప్రభుత్వమే తన పౌరులకు చెబుతోంది. అందుకని ఆ రాత్రికి జోన్ 13లోనే ఆగాలని తేల్చుకున్నాం. ఎయిర్‌పోర్టు పక్కనే గేటూ కాపలా ఉన్న వీధుల్లో చిన్న చిన్న గెస్ట్‌హౌస్‌లు చాలా ఉన్నాయి. జోన్ 10లో పెద్ద హోటళ్లున్నాయి గానీ, ఆరు గంటల నిద్ర కోసం అంత డబ్బు దండగ అనిపించింది.

గెస్ట్‌హౌస్ ఆవిడతో మాటలన్నీ వాట్సాప్‌లోనే. నేను ఇంగ్లిష్‌లో రాస్తే ఆవిడ స్పానిష్‌లో జవాబు ఇచ్చేది. మధ్యలో అనువాదం ఫోన్ చూసుకునేది. డ్రైవర్ ఫొటో, కారు రంగు, నంబరు ముందే పంపమన్నాను, పంపింది. నా టెన్షన్ అంతా పేరు రాసిన బోర్డు గురించే. బోర్డు మీద పేరు ఎవడైనా చదవొచ్చు. చదివినవాడు ముందుకొచ్చి "మీ కోసమే వచ్చాను" అంటే మనం బ్యాగులు ఇచ్చేస్తాం. అప్పుడు మా ఆవిడకి ఓ ఆలోచన వచ్చింది. తెలుగులో "కాకినాడ" అని రాసి ఫొటో తీసి, పేరుకి బదులు ఇది పట్టుకోమని చెప్పమంది.

అక్కడ టికెట్ లేనివాళ్లని ఎయిర్‌పోర్టు లోపలికి రానివ్వరు. తలుపు దాటి బయటికి రాగానే ఎదురుగా జనం, పూలు, బెలూన్లు. శంషాబాద్‌లో ఒక్కడి కోసం సుమో నిండా బంధువులు దిగినట్టే ఉంది. "టాక్సీ, టాక్సీ" అంటూ ఇద్దరు ముగ్గురు వెంటపడ్డారు. ఆ గోలలో అమ్మ నా చెయ్యి గుంజి, "ఒరేయ్, అదిగో మన ఊరు!" అంది. తెల్లకాగితం మీద మార్కర్‌తో చేత్తో రాసిన కాకినాడ. "డ" కాస్త అడ్డం తిరిగింది, తలకట్టు ఎటో ఎగిరిపోయింది. అయినా అంత అందమైన చేతిరాత ఈమధ్య చూడలేదు. పది నిమిషాల్లో గదిలో ఉన్నాం. గది మామూలుదే, గోడ పల్చన, తెల్లారుజామునే విమానాల మోత. వేడి నీళ్లు మాత్రం బాగా వచ్చాయి.

మోసపోయింది మర్నాడు. ఆంటిగ్వాకి షేరింగ్ వ్యాన్‌ని ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేశాను, మనిషికి 18 డాలర్లు. తొమ్మిదికి రావాల్సింది పదీ ఇరవైకి వచ్చింది. అదీ చెప్పిన నంబరు బండి కాదు. డ్రైవర్ దగ్గర మా పేర్లూ లేవు, పైగా సామాన్లకి వేరే ఇమ్మన్నాడు. మేం ఎక్కం అని చెప్పేశాను. డబ్బు తిరిగి రాలేదు. గెస్ట్‌హౌస్ ఆవిడ రాత్రి వచ్చిన డ్రైవర్‌నే పిలిచింది. కారు మొత్తానికి 350 కెట్సాల్‌లు, అంటే 45 డాలర్ల పైచిలుకు. నలుగురికి వ్యాన్ 72 డాలర్లు! ఈ లెక్క హ్యూస్టన్‌లోనే వేసుకోవాల్సింది. ఒంటరిగా, పగటిపూట, చిన్న బ్యాగుతో వెళ్లేవాళ్లకి వ్యాన్ నయమే. ఊరి లోపల ఉబర్ కూడా పనికొస్తుంది. నాలుగు పెద్ద సూట్‌కేసులతో మాత్రం కష్టం.

దారిలో పాపకి తెగ నచ్చినవి రంగురంగుల బస్సులు. అవన్నీ ఒకప్పుడు అమెరికాలో తిరిగిన పసుపు స్కూలు బస్సులే అంటే నమ్మలేదు. ఆంటిగ్వా దగ్గరికొచ్చాక అమ్మ వంతు. ఎర్ర ఆటోల మీద బజాజ్ పేరు చదివి, "ఇక్కడికీ వచ్చేశాయా!" అని తెగ సంబరపడింది.

ఆంటిగ్వాలో శాంతా కాతలీనా ఆర్చి అనే పాత తోరణానికి దగ్గర్లో హోటల్ తీసుకున్నాం. చూడ్డానికి బ్రహ్మాండం, కానీ వీధులన్నీ రాళ్లు పరిచినవే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి శిక్ష. సూట్‌కేసు చక్రాలు అక్కడ పనికిరావు, కారు గుమ్మం దాకా రావాల్సిందే. శని, ఆదివారాల్లో రాజధాని జనమంతా అక్కడికే వస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఎయిర్‌పోర్టు ప్రయాణం పెట్టుకుంటే ఇంకో గంట కలుపుకోండి.

తిరుగు విమానం ఉదయం ఏడుకి. మూడున్నరకి కారు రమ్మన్నాం, అదే డ్రైవర్‌ని, అదే రేటుకి. మూడుంపావుకే కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మకి వీధి చివర హెడ్‌లైట్లు కనిపించాయి. కారు దిగినవాడి ముఖం చీకట్లో తెలియలేదు. అతను జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, సెల్‌ఫోన్ వెలుగులో పైకి పట్టుకున్నాడు.

"మనవాడే, పదండి," అంది అమ్మ.