తాతయ్య పనిముట్ల పెట్టె: ఏళ్ల తరబడి వాడాక

పాత వడ్రంగి పనిముట్లు ఇంట్లో ఉంటే ఏం చెయ్యాలని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను. చిత్రిక (కర్రని నునుపు చేసేది), ఉలులు అట్టిపెట్టుకోండి. రంపం కొత్తది కొనుక్కోండి. కర్ర చెక్కే బాడిస సంగతి మీ మోకాళ్లని అడగండి.

ఈ పెట్టె మా తాతయ్యది. మాది పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలిటరీ మాధవరం అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. ఆ ఊళ్లో కుర్రాడు పటాలంలో చేరడం పెద్ద వార్త కాదు. తాతయ్య వడ్రంగం తెలిసినవాడిగా సైన్యంలోని ఇంజనీరింగు దళం మద్రాస్ శాపర్స్‌లో చేరారు. బెంగళూరులో హలసూరు చెరువు పక్కన ట్రైనింగు. అక్కడ కర్రపనితో పాటు వంతెనలు వెయ్యడం, మందుపాతరలు తియ్యడం కూడా నేర్పుతారు. 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, ఆయన పశ్చిమ సరిహద్దులోని షకర్‌గఢ్ సెక్టార్‌లో ఉన్నారు. బసంతర్ నది దగ్గర మన ట్యాంకులు దాటాలంటే ముందు శాపర్లు మందుపాతరల మధ్య దారి చెయ్యాలి. ఆ యుద్ధం తాలూకు పశ్చిమీ స్టార్ మెడల్ పెట్టెలో ఉలుల అరలోనే ఉండేది. తుప్పు పట్టకుండా ఉలులకి నూనె రాసేటప్పుడు దాన్నీ ఓసారి తుడిచేవారు, అంతే. పింఛనుతో ఊరొచ్చాక ద్వారబంధాలు, కిటికీలు చేశారు. ఊరంతా ఆయన్ని మిలిటరీ మేస్త్రి గారు అనేది.

ఇక చిత్రిక. బ్లేడు రెండంగుళాల వెడల్పు, బాడీ తుమ్మకర్రతో తాతయ్య చేసుకున్నది. నోటి దగ్గర, అంటే బ్లేడు బయటికొచ్చే చోట, కర్ర అరిగి సందు పెద్దదైతే చిన్న ముక్క అతికి మళ్లీ సన్నం చేశారు. ఆ అతుకు ఇప్పటికీ కదల్లేదు. సందు సన్నంగా ఉండబట్టే టేకు మీద పొట్టు ఉల్లిపొరలా వస్తుంది, నునుపు చెయ్యడానికి ఉప్పుకాగితం అవసరమే పడదు. ఎలక్ట్రిక్ ప్లేనర్‌తో ఈ నునుపు నాకెప్పుడూ రాలేదు, పైగా దుమ్ము, చెవులు హోరెత్తే మోత. అలాగని మిషన్ని తీసిపారెయ్యను. వెడల్పాటి తలుపు మందం తగ్గించాలంటే చేత్తో తోస్తే రెక్కలు పడిపోతాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. వానాకాలంలో తుమ్మ బాడీ ఉబ్బి బ్లేడు బిగించే చీలిక ఇరుక్కుపోతుంది. పని అయ్యాక దాన్ని వదులు చేసి పెట్టాలి. బాడీ అడుగుభాగం అప్పుడప్పుడూ వంగుతుంది; గాజు పలక మీద ఉప్పుకాగితం పరిచి దాని మీద రుద్ది సరిచేస్తాను. బ్లేడు ముందుకి రావాలంటే దాని నెత్తిన మెల్లిగా తట్టాలి, వెనక్కి పోవాలంటే బాడీ మడమ మీద, అంటే వెనక కొస మీద, తట్టాలి. ఇది చేతికి అలవాటు అయ్యేదాకా విసుగే. ప్లైవుడ్ మీద అసలు వాడొద్దు, అందులోని జిగురుకి పదును ఇట్టే చస్తుంది.

అన్నిటికన్నా పెద్ద పని సాన పట్టడం. ఇరవై అయిదు డిగ్రీల వాలులో రాయి మీద తిప్పుతూ పోవాలి. అంచు వెనకవైపు వేలికి సన్నటి గరుకు తగిలాక బ్లేడు తిప్పి దాన్ని తీసేసి, తోలు మీద రుద్దాలి. తాతయ్య పని మొదలెట్టేముందు కాదు, పని ముగించాక సాన పట్టేవారు. "రైఫిలు మురికిగా పెట్టి పడుకుంటామా ఏంటి రా?" అనేవారు. ఆ క్రమం నాకు పట్టుబడ్డాకే ఈ పనిముట్లు పని చేయడం మొదలెట్టాయి. లేకపోతే ఇవి వట్టి పాత ఇనుమే.

పాత ఇళ్ల కర్ర చిత్రిక పట్టేముందు అయస్కాంతం తిప్పండి, లోపల మేకు ఉంటే బ్లేడు అంచు ఎగిరిపోతుంది. ఆ కాలంలో అయస్కాంతం లేక తాతయ్య ఉలి మొనతో ఏటవాలుగా గుచ్చి చూసేవారు. గట్టిగా తగలగానే చెయ్యి ఆగిపోయేది. మందుపాతర వెతికేది కూడా అలాగే, మొన నిటారుగా దించకూడదు, తగిలిందంటే నొక్కకూడదు. ఇది ఆయన చెప్పిన బసంతర్ కబుర్లలో నాకు గుర్తున్న ఒకే ఒక్కటి. మిగతావి అడిగితే టీ పెట్టమనేవారు.

ఉలుల్లో అరంగుళానిది కుసి, బెజ్జం పనికి (ఒక కర్ర కొసని ఇంకో కర్ర బెజ్జంలో దూర్చే అతుకు) ఇప్పటికీ నాకు మొదటి ఎంపిక. రంపం పళ్లు మూడు పలకల ఆకురాయితో పదును పెట్టి ఒకటి అటూ ఒకటి ఇటూ వంచేసరికి ఆదివారం కాస్తా అయిపోతోంది. బజార్లో గట్టి పళ్ల రంపం తెచ్చుకుని పాతదాన్ని గోడకి తగిలించాను. బాడిస వాడాలంటే నేల మీద కూర్చుని కర్రని కాలితో నొక్కిపట్టాలి, నావల్ల కాదు.

పాతవి కొనేవాళ్లకి ఒక మాట: బ్లేడు ఎంత పొడవు మిగిలిందో, తుప్పు గుంటలు అంచు దాకా వచ్చాయో లేదో చూడండి, బాడీ సంగతి తర్వాత. తుమ్మకర్ర దొరికితే బాడీ మళ్లీ చేసుకోవచ్చు. మా వీధి మేస్త్రి ఈ పెట్టె మొత్తానికి బేరం పెట్టాడు. బాడిస ఊరికే పట్టుకెళ్లమన్నాను, ఆయన రోజూ వాడతాడు. చిత్రికకి మాత్రం ధర చెప్పలేదు.