గిటారు నెక్ అతుకు: డవ్‌టెయిలా, బోల్టా, స్పానిష్ హీలా?

బొబ్బిలి ఏకాండి వీణలో కుండా దండీ ఒకే పనస దుంగలోంచి తొలిచినవి కాబట్టి అక్కడ అతుకు అన్న ప్రశ్నే రాదు. గిటారుకు ఆ వెసులుబాటు లేదు. పలుచటి చెక్కలను వంచి కట్టిన పెట్టెకు విడిగా చెక్కిన నెక్‌ను, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి మెడను, కలపక తప్పదు. 12–53 గేజు (తీగల మందం కొలత) ఉక్కు తీగల సెట్టు ఇంచుమించు 73 కిలోల బలంతో ఆ అతుకును పగలూ రాత్రీ లాగుతూనే ఉంటుంది. విశాఖపట్నంలో చేత్తో గిటారు చేసేవారు, చేయించుకునేవారు సాధారణంగా టాప్‌కు, అంటే పెట్టె పై పలకకు, ఏ చెక్క వాడాలన్న దాని గురించి గంటలు మాట్లాడతారు కానీ, ఈ అతుకు గురించి అడిగేవారు తక్కువ. నా ఉద్దేశంలో ముందుగా తేల్చుకోవలసినది ఇదే.

శ్రద్ధగా చేస్తే ఏ అతుకైనా బలంగానే ఉంటుంది కనుక బలాన్ని బట్టి ఎంచుకోవడం కుదరదు. తేడా తెలిసేది ఏళ్లు గడిచాక, నెక్ కోణం సడలినప్పుడు. తీగల లాగుడుకు పెట్టె పైభాగం కొద్దికొద్దిగా లోపలికి ఒరుగుతుంది, తీగలు ఫ్రెట్‌బోర్డుకు (నెక్ మీద ఫ్రెట్లనే లోహపు మెట్లు ఉన్న పలకకు) దూరమవుతాయి, పెట్టె మీద తీగలు ఆనుకునే సాడిల్‌ను ఇక తగ్గించడానికి వీలు లేని స్థితి వస్తుంది. అప్పుడు నెక్‌ను ఊడదీసి, హీల్ (పెట్టెను కలిసేచోట నెక్ మడమ) అడుగున కాస్త చెక్క తీసి, కోణం సరిచేసి మళ్లీ బిగించాలి. దీన్నే నెక్ రీసెట్ అంటారు. తీయవలసిన చెక్క ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 645 మిల్లీమీటర్ల స్కేలు (తీగ మోగే పొడవు) ఉన్న గిటారులో నెక్ పద్నాలుగో ఫ్రెట్ దగ్గర పెట్టెను కలిస్తే, అక్కడి నుంచి సాడిల్ దాకా దూరం సుమారు 287 మిల్లీమీటర్లు. హీల్ లోతు 90 మిల్లీమీటర్లు అనుకుందాం. సాడిల్ దగ్గర 3 మిల్లీమీటర్ల ఎత్తు సంపాదించాలంటే హీల్ అడుగున తీయవలసినది ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ కాస్త చెక్క తీయడానికి గిటారును ఎంత కష్టపెట్టవలసి వస్తుందన్నదే నేను ఈ మూడు పద్ధతులకూ పెట్టే పరీక్ష.

డవ్‌టెయిల్ పాత పద్ధతి. కొన వైపు వెడల్పయ్యే కుసిని (గాడిలో దూరే నాలుకను) నెక్‌కు చెక్కి, అదే ఆకారంలో పెట్టె లోపలి దిమ్మెలో తొలిచిన గాడిలోకి పైనుంచి దించి జిగురుతో బిగిస్తారు. 1833లో మొదలైన మార్టిన్ కంపెనీకి పేరు తెచ్చిన గిటార్లు ఈ అతుకుతో చేసినవే. సరిగ్గా కుదిరిన డవ్‌టెయిల్ జిగురు వేయకముందే కదలకుండా నిలుస్తుంది. అది చూసినప్పుడు చేసిన చేతికి నమస్కరించాలనిపిస్తుంది. అయితే దాన్ని విప్పడం చిన్న పని కాదు. ముందు టాప్ మీద అతికి ఉన్న ఫ్రెట్‌బోర్డు చివరిభాగాన్ని వేడిచేసి పలుచటి కత్తితో లేపాలి. తర్వాత పదిహేనో ఫ్రెట్ పీకి, దాని గాడిలోంచి కుసి చివర ఉన్న ఖాళీలోకి సన్నని రంధ్రం వేసి, ఆవిరి పంపి జిగురు కరిగించాలి. ఆ ఆవిరికి లక్క పాలిష్ తెల్లబారవచ్చు, చుట్టుపక్కల అతుకులు సడలవచ్చు. విప్పాక కుసి చెంపలకు పలుచటి చెక్కపొరలు వేసి మళ్లీ కుదర్చాలి. ఈ పని చేతనైనవారు మన ఊరి చుట్టుపక్కల నాకు తారసపడలేదు. డవ్‌టెయిల్ మీద నా వెనుకంజకు ఇదే అసలు కారణం.

బోల్టు పద్ధతిలో కుసి తిన్నగా ఉంటుంది. దిమ్మెలోని గాడిలో అది కూర్చున్నాక, సౌండ్‌హోల్ (టాప్ మధ్యనున్న గుండ్రటి రంధ్రం) లోంచి చెయ్యి పెట్టి రెండు బోల్టులు అలెన్ కీతో బిగిస్తారు. 1974లో మొదలైన టేలర్ కంపెనీ బోల్టు నెక్‌ను కర్మాగారాల స్థాయిలో నిలబెట్టింది. 1999లో ఫ్రెట్‌బోర్డు చివరిభాగాన్ని కూడా జిగురు లేకుండా టాప్‌లో చెక్కిన గూట్లో కూర్చోబెట్టి, కోణం మార్చవలసి వచ్చినప్పుడు కింద పెట్టే పలుచటి బిళ్లలను మారిస్తే చాలేలా తీర్చిదిద్దింది. బోల్టు విప్పడం నిమిషాల పని. కానీ ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. నెక్ చెక్క నారు నెక్ పొడవునా సాగుతుంది కనుక, లోపలి నుంచి వచ్చే బోల్టు నారు కొనలోకి దిగుతుంది. అక్కడ బిగించిన ఇత్తడి మరలు కొన్నేళ్లకు చెక్కను చీల్చుకొని బయటికి వస్తాయి. కుసికి అడ్డంగా ఒక గట్టి చెక్క కడ్డీ దిగగొట్టి, ఆ కడ్డీలో మరను బిగిస్తే పట్టు నిలుస్తుంది. ఇక బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. బీచి రోడ్డు ఇళ్లలో కిటికీ ఊచలకు పట్టే తుప్పు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

బోల్టు వేస్తే నాదం తగ్గుతుందన్న మాట తరచుగా వినబడుతుంది. కుసి భుజాలు పెట్టెకు నిండుగా ఆనుకొని ఉన్నప్పుడు, టాప్ మందం, దాని అడుగున అతికే పట్టీల బ్రేసింగు, సాడిల్‌ను మోసే బ్రిడ్జి బరువు తెచ్చే మార్పుల ముందు ఈ తేడాను నా చెవి పట్టుకోలేకపోయింది. నాదం పేరు చెప్పి మరమ్మతును కష్టం చేసుకోవడం నాకు సమ్మతం కాదు.

స్పానిష్ హీల్ లెక్క వేరు. అంటోనియో దె తోరెస్ కాలం నుంచి క్లాసికల్ గిటారు చేసేవారు అనుసరిస్తున్న ఈ పద్ధతిలో నెక్‌ను తర్వాత అతికించరు. హీల్‌లో కోసిన సన్నని గాడుల్లోకి పక్క చెక్కలనే దూర్చి, నెక్ చుట్టూ పెట్టెను కడతారు. విప్పడం అన్న మాటే లేదు. నైలాన్ తీగల లాగుడు సుమారు 40 కిలోలే కనుకా, ఆ గిటార్లలో తీగల ఎత్తు ఎలాగూ ఎక్కువే కనుకా ఇది చెల్లుతుంది. కోణం కాస్త తగ్గినా ఫ్రెట్‌బోర్డును ఏటవాలుగా చిత్రిక పట్టి సరిపెట్టవచ్చు. నైలాన్ గిటారుకు నేనైనా ఇదే ఎంచుకుంటాను. ఉక్కు తీగలకు మాత్రం వద్దు.

ఫ్రెట్‌బోర్డు దగ్గర జిగురు మాట వస్తుంది. నెక్ మీద ఫ్రెట్‌బోర్డు అతికేటప్పుడు నీళ్లున్న జిగురు వాడితే ఎబొనీ గానీ రోజ్‌వుడ్ గానీ అడుగువైపు తడి పీల్చి ఉబ్బుతుంది, నెక్ వెనక్కి వంగుతుంది. ఆరడానికి రోజులు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. అందుకే అక్కడ నీళ్లు లేని జిగురైన ఎపాక్సీ మేలు. రోజ్‌వుడ్ నూనెను ముందు ఎసిటోన్‌తో తుడవడం మరవకూడదు. టాప్ మీదికి వచ్చే చివరిభాగానికి మాత్రం ఎపాక్సీ వాడితే తర్వాత విప్పేవారికి అన్యాయం చేసినట్టే. అక్కడ పశువుల చర్మం నుంచి తీసే సరేసు మంచిది. సరేసు త్వరగా గడ్డకట్టడం చలిదేశాల వారికి పెద్ద ఇబ్బంది. మన వేడి గదిలో కాస్త వ్యవధి దొరుకుతుంది. ఎండలో మూసి ఉంచిన కారులో గిటారు వదిలేస్తే మాత్రం సరేసే కాదు, సీసాల్లో దొరికే తెల్ల జిగురూ మెత్తబడుతుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా చెక్కలను 45–50 శాతం తేమ ఉన్న గదిలో ఉంచి అతకాలి. సముద్రపు గాలిలో తెరిచిన వరండాలో కట్టిన గిటారు, ఏసీ గదికో వేసవిలో ఉత్తరాదికో వెళ్లగానే కుంచించుకుపోయి ఫ్రెట్‌బోర్డు అంచుల వెంట టాప్ చీలుతుంది. అలాగే ఆషాఢం నుంచి కార్తీకం దాకా టాప్ తేమకు ఉబ్బి తీగలు పైకి లేస్తే వెంటనే నెక్ విప్పించకండి. మాఘమాసంలో మళ్లీ కొలిచి చూడండి.

కాబట్టి ఉక్కు తీగల గిటారు చేయించుకునేవారికి నేను చెప్పేది బోల్టు నెక్, చివరిభాగానికి సరేసు. మీ చేతికి వచ్చిన గిటారు సౌండ్‌హోల్‌లో చిన్న అద్దం, టార్చి పెట్టి చూడండి. దిమ్మె మీద రెండు బోల్టు తలలు కనబడితే వాటికి సరిపోయే అలెన్ కీని ఆ రోజే కేసులో వేసి ఉంచండి.