లేక్ వ్యూకు 3,400, చెరువు మీది వానకు వంద

ముందు రూము సంగతి చెప్తే గానీ నా కడుపుమంట చల్లారదు. ఆన్‌లైన్‌లో ‘లేక్ వ్యూ’ అని చూసి హనుమకొండలో ఒక లాడ్జి బుక్ చేశాను. 2,800. అమ్మకు అదనంగా పరుపు వేయమంటే ఇంకో 600. దానికి అమ్మ కౌంటర్ దగ్గర పావుగంట కొట్లాడింది, తగ్గలేదు. గీజర్ గోడకు ఉంది గానీ పనిచేయదు, వేడినీళ్ళు బకెట్‌కు 40.

సరే, లేక్ ఏది? కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు నీళ్ళ ట్యాంకు. అడిగితే కౌంటర్ పిల్లాడు పైకొచ్చి బాత్‌రూమ్ వెంటిలేటర్ చూపించాడు. “స్టూలెక్కి ఎడమకు చూడండి సార్, భద్రకాళి చెరువు కనిపిస్తది.” ఎక్కాను. అరచేయంత కనిపించింది. డబ్బులు వాపసు అంటే ఓనర్ ఊళ్ళో లేడట. ఫొటోలో చెరువుంటే, అది ఏ కిటికీలోంచి తీశారో అడగందే పైసా కట్టకండి. “గింత పైసలు పెట్టి గీ కొట్టంల పండుడా?” అని అమ్మ రాత్రంతా సణిగింది.

పొద్దున ములుగు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే అమ్మకు, మా ఆవిడకు జీరో టికెట్. డబ్బులిచ్చింది నేనొక్కణ్ణే, దారంతా దాని మీదే ఎగతాళి. ములుగు నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేటకు ఆటో రానూపోనూ 900.

రామప్ప గుడి గురించి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరూ రాశారు, నేను రాయను. నా గొడవల్లా, గుడి చూసి అటునుంచి అటే వెనక్కి తిరిగేవాళ్ళతో. కిలోమీటరు అవతలే చెరువు. గుడి 1213 నాటిది, చెరువూ కాకతీయులదే, ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తోంది.

మేం కట్ట ఎక్కగానే వాన. మక్కకంకులు కాల్చే ఆవిడ టార్పాలిన్ కిందికి రమ్మంది. గాలి లేదు. అవతలి గుట్టల దగ్గర నీళ్ళు తెల్లబడ్డాయి, ఆ తెలుపు మెల్లగా మా వైపు జరిగొచ్చింది. చినుకు పడ్డచోట నీళ్ళు సొట్టపడి, మధ్యలోంచి సూదిలా ఓ బొట్టు లేచి మునిగేది. చుట్టూ వలయం. రెండు వలయాలు తగులుకున్నా ఆగవు, ఒకదాంట్లోంచి ఒకటి దాటిపోతాయి. చాటలో నూకలు చెరుగుతున్నట్టు సన్నటి చప్పుడు.

“బుడగలు లేస్తున్నయ్, ఇప్పట్ల ఆగది,” అంది అమ్మ. గొంతులో రాత్రి విసుగు లేదు. 20 రూపాయల కంకి ఆమె చేతిలోనే చల్లారిపోయింది. మా ఆవిడ ఫొటో తీద్దామని ఫోన్ తీసి, మళ్ళీ సంచిలో పెట్టేసింది.

గంట దాటాక ఆటో అతను హారన్ కొట్టాడు. నేను లేవబోతుంటే అమ్మ కొంగు ముడి విప్పింది.

“కూసో రా. ఆయనకు ఇంకో వంద నేనిస్త.”