నెల్లూరు పొగతోటలో స్కిన్ క్లినిక్, బొల్లి మచ్చలకి చూపించాం
మా చెల్లికి మోచేతుల మీద, పెదవి చివర బొల్లి మచ్చలొస్తే కావలి నుంచి ఇక్కడికి తీసుకొచ్చాం. డాక్టరమ్మ గదిలో లైట్లు ఆపేసి వుడ్స్ ల్యాంప్ (చర్మం మచ్చలు చూసే అతినీలలోహిత దీపం) పెడితే మామూలుగా కనపడని మచ్చలు కూడా తెల్లగా మెరిసినాయి. ఇది అంటుకునేది కాదు, మన రక్షణ కణాలే రంగు తయారుచేసే మెలనోసైట్లని చంపేస్తాయి, పుట్టుకతోనే ఒంట్లో రంగు తక్కువగా ఉండే ఆల్బినిజం వేరు, చేపలూ పాలూ కలిపి తింటే వచ్చేది అసలే కాదు అని అమ్మకి ఎంత ఓపిగ్గా చెప్పారో, ఆ మాట మా బంధువులందరూ వినాల్సిందే. ఆ రక్షణ కణాల జోరు తగ్గించే టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ రాసి, వారానికి రెండుసార్లు 311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీ (రంగు మళ్ళీ తెప్పించే ఒక రకం అతినీలలోహిత కాంతి) లైటు పెడతన్నారు. ఇప్పుడు మోచేతి మీద వెంట్రుక కుదుళ్ళ చుట్టూ చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు వస్తన్నాయి, అంటే రంగు తిరిగొస్తన్నట్టే! వెంట్రుకలు కూడా తెల్లబడిన చోట రంగు రావడం కష్టమని ముందే చెప్పారు, అది నాకు నచ్చింది. నెల్లో మాయం చేస్తామనే వాళ్ళ దగ్గరికి మాత్రం పోబాకండి. సాయంత్రం జనం ఎక్కువ, పొద్దున్నే టోకెన్ తీసుకోండి.